ఓ మై గాడ్ అనేదాకా

"అమేజింగ్!" అంది హెలెన్.

పిచ్చేశ్వరరావు గుండె గుభేలుమంది. బల్ల వెనక నిలబడ్డ నాంచారయ్య మొహం మాత్రం చేటంత అయింది. పెడనలో పిచ్చేశ్వరరావు ఆ కలంకారీ షెడ్డు పెట్టిన నాటి నుంచీ బట్టల మీద అచ్చులు అద్దుతున్న మనిషి ఆయన.

"మెచ్చుకుంది కదా బావా, అలా అయిపోయావేంటి?"

"మెచ్చుకోవడమా, నీ మొహమా! ఇందాక మనిచ్చిన టీ తాగి కూడా ఆ మాటే అంది!"

హెలెన్ లండన్‌లో బట్టల వ్యాపారం చేసే మనిషి. ఆవిడ మాటలు వీళ్ళకీ, వీళ్ళ మాటలు ఆవిడకీ చెప్పేది పిచ్చేశ్వరరావు కూతురు తనూజ. పొద్దున్నే తండ్రిని కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

"వావ్ అంటే మన 'బానే ఉందిలే' లాంటిది నాన్నా. అమేజింగ్ అంటే ఉత్త మర్యాద. ఇన్‌క్రెడిబుల్ అంటే కాస్త ఆశ పెట్టుకోవచ్చు. నిజంగా ఆశ్చర్యపోతే ముందసలు నోరు పెగలదు. ఆ తర్వాత 'ఓ మై గాడ్' అంటారు. అదీ ఆర్డరంటే!"

ఆర్డరు రాకపోతే సోమవారం నుంచి షెడ్డుకి తాళమే. పన్నెండు మంది అద్దకం వాళ్ళు ఇంటిదారి పట్టాల్సిందే. వాళ్ళకి ఆ ముక్క ఏ నోటితో చెప్పాలో తల్చుకుంటేనే పిచ్చేశ్వరరావుకి ఏడుపొస్తోంది.

హంసల దుప్పటి పరిచారు. "వావ్!" మామిడిపిందెల చీర విప్పారు. "అమేజింగ్!" ఆఖరికి బీరువా అడుగు నుంచి తాతలనాటి తెర కూడా బయటికి లాగారు.

"ఇన్‌క్రెడిబుల్!" అని హెలెన్ వాచీ చూసుకుంది.

"ఆశ పెట్టుకోమన్నావు కదే?" గొణిగాడు పిచ్చేశ్వరరావు.

"వాచీ చూసుకోకుండా అంటే నాన్నా."

"ఇంక ఊరుకో బావా, మన రాత ఇంతే," అంటూ నాంచారయ్య అచ్చులన్నీ సర్దేసి బల్ల ఇవతలికి వచ్చాడు.

గుమ్మం దాకా వెళ్ళిన హెలెన్ వెనక్కి తిరిగి ఠక్కున ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఉలుకూ పలుకూ లేదు.

"ఓ... మై... గాడ్!"

పిచ్చేశ్వరరావు కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. "అమ్మా, తల్లీ, బతికించావు! ఏం చూసిందే? అడగవే త్వరగా!"

తనూజ అడిగింది. హెలెన్ గుక్క తిప్పుకోకుండా ఏదో చెప్పింది.

"ఇలాంటి డిజైను ప్రపంచంలో ఎక్కడా చూళ్ళేదంట నాన్నా. రంగు మీద రంగు, ఏళ్ళ తరబడి పడితేగానీ ఆ కళ రాదంట. అచ్చం అలాంటిదే రెండువేల మీటర్లు కావాలంట. శాంపిల్ మాత్రం ఇప్పుడే పట్టుకెళ్తానంటోంది."

"పట్టుకెళ్ళమనవే! ఇందులో అడిగేదేముంది? ఇంతకీ ఏదది?"

తనూజ తలొంచుకుని, నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాంచారయ్య మావయ్య రోజూ రంగు చేతులు తుడుచుకునే లుంగీ నాన్నా... ఇప్పుడు కట్టుకున్నదే!"