గడియ తీసిన చేతులు

ఢిల్లీశ్వరరావును గున్నయ్య ఏనాడూ చూడలేదు. కానీ ఆ పేరు తిట్టకుండా అతనికి ముద్ద దిగదు.

తాతనాటి నుంచీ తాము సాగు చేస్తున్న జీడితోటను, యుద్ధం చేసి వచ్చాడంటూ సర్కారు ఆ పేరున పట్టా చేసేసింది.

ఆ మధ్యాహ్నం అక్కుపల్లిలోని ఆ తోటలోకి ఎవరో కొత్త మనిషి వచ్చాడు. ముఖం సగం కాలి ముడుచుకుపోయి ఉంది. నడుముకు పాత చేతితొడుగులు వేలాడుతున్నాయి.

"ఏ జీడిబట్టీలో కాలిపోనావు బావా? పలాసేనా?" గున్నయ్య అడిగాడు.

"బట్టీలాంటిదే. ఒక్క మనిషే పడతాడు."

"మరి సేతులు బాగానే ఉన్నాయే?"

"ఈ తొడుగులు కాపాడాయి. మంటలో ముందు చేతులు బతకాలి. గడియ తీసేది అవే."

"ఇంత ఎండలో సేతులకి మేజోళ్ళేటి!" గున్నయ్య నవ్వాడు.

"ఈ తోట నీదేనా?"

"సెట్లు మావి. కాయితం ఆ ఢిల్లీశ్వరరావుది. ఇక్కడ అడుగెట్టమను, కాళ్ళిరగ్గొట్టి పంపుతాను."

కొత్త మనిషి మంచినీళ్ళు అడిగి తాగాడు.

సముద్రపు గాలి విసురుగా లేచింది. పక్కనున్న వంటపొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి జీడిపిక్కలు దాచే గది మీద పడింది. కొబ్బరాకు కప్పు భగ్గుమంది.

లోపల గున్నయ్య భార్య చిన్నతల్లి పిక్కలు ఏరుతోంది. ఎలుగుబంటి దూరకుండా గున్నయ్యే బయట ఇనుప గడియ వేశాడు.

గుమ్మంలో పోసిన జీడిపిక్కలు అంటుకుని నూనె చిమ్ముతున్నాయి. గడియ పట్టుకోబోయిన గున్నయ్య కేకపెట్టి వెనక్కి దూకాడు.

"ఓలమ్మో! సచ్చిపోతన్నాను!" లోపల్నుంచి అరుపు.

కొత్త మనిషి తొడుగులు విసిరాడు.

"నా భుజం లేవదు. నువ్వు తొడుక్కో! లాగు!"

గున్నయ్య మంటలోకి చేతులు పెట్టాడు. సెగ తెలిసింది, చెయ్యి కాలలేదు. గడియ ఊడింది. చిన్నతల్లి దగ్గుతూ వచ్చి ఇసుకలో పడింది.

లేస్తూనే మొగుడి వీపు మీద ఒక్కటిచ్చింది.

"గడియెట్టి కాల్సీద్దావనుకున్నావేటి?"

గున్నయ్య నవ్వాడు, ఏడ్చాడు. తొడుగుల చేతులు పైకెత్తి తోటంతా దద్దరిల్లేలా అరిచాడు. పక్క తోటలవాళ్ళు పరిగెత్తుకొచ్చి మంట ఆర్పారు.

చూస్తే, కొత్త మనిషి లేడు.

సాయంత్రం వీఆర్వో మోహిని స్కూటీ మీద వచ్చింది.

"మావా, నీ పంట పండింది! తోట నీ పేర రాసీమని సంతకం పెట్టీసి ఎళ్ళిపోయారు."

"ఎవులు?"

"ఆ మొహం కాలినాయన. యుద్ధవిమానం గాల్లోనే అంటుకుంటే, ఆ తొడుగుల సేతుల్తోనే అద్దాల మూత తీసి దూకీసారట."

గున్నయ్య తల దించి చూశాడు. చేతిలో తొడుగులు మసిబారి ఉన్నాయి.

"ఆయనెక్కే రైలు ఇంకా ఉందేటి?"

"ఎళ్ళిపోనాది మావా."

కాళ్ళు విరగ్గొడతానని గున్నయ్య తిట్టిపోసిన ఢిల్లీశ్వరరావు, చెంబెడు మంచినీళ్ళు తాగి వదిలేసుకుని వెళ్ళింది ఎకరా డెబ్బై సెంట్లు.