అయిదు వేళ్ల మచ్చ

గౌసియాకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. పెళ్లాన్ని కొడతాడని నరసరావుపేటలో ఆ వీధి వీధంతా పేరు తెచ్చుకున్నాడు గానీ, ఆ పేరుకు తగ్గ పని ఒక్కటీ చేతకాదు హబీబుల్లాకు. బోరు మోటార్లు విప్పి బిగించే మనిషి, బొద్దింకను కొట్టమంటే చీపురు తెచ్చి మెల్లగా గడప దాటించి వస్తాడు.

"ఈ పూట చెప్పేస్తా," అన్నాడు ఆ మధ్యాహ్నం, చేతులకంటిన గ్రీజు కడుక్కుంటూ. "లక్ష్మీనారాయణ బాబాయి కబురు పెట్టాడు, వాళ్ల వసారాకాడికి రమ్మని. ఎందుకో తెలుసుగా?"

గౌసియా తన ముంజేతి వంక చూసుకుంది. అయిదు వేళ్ల అచ్చు, నేరేడు పండు రంగులో.

"అది అలివేలమ్మ పిన్ని చెయ్యి," అంది.

"నాకు తెలుసు, నీకు తెలుసు. ఆమెకు తెలియొద్దా?"

నిన్న పక్కింటి అలివేలమ్మే ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని, "నిజం చెప్పవే, కొడతన్నాడా?" అని నిలదీసింది. గౌసియా తల దించుకుంది. తెల్లారేసరికి అడిగిన చెయ్యే సాక్ష్యమై కూర్చుంది.

గౌసియా రక్తంలో ప్లేట్‌లెట్లు నిలవవు. ఎవరివో అనుకుని ఒళ్లే వాటిని మింగేస్తుంది. ఏ కాస్త ఒత్తినా చర్మం కింద రక్తం మచ్చ కడుతుంది. స్టెరాయిడ్లకు మొహం బూరెలా పొంగితే, వాటిని మానిపించి గుంటూరు డాక్టరు గారు రెండు దారులు చూపించారు. ప్లీహం తీసేసే ఆపరేషన్, లేదంటే రోజూ ఒక కొత్త రకం మాత్ర. మీ ఇష్టం అన్నారు. హబీబుల్లా ఆపరేషన్ అన్నాడు. గౌసియా మాత్ర అంది. ఆపరేషనైతే వీధంతా చూడటానికి వస్తుంది, ఎందుకని అడుగుతుంది. మాత్రలైతే బియ్యం డబ్బాలో దాచుకోవచ్చు.

కాకపోతే ఆ మాత్ర వేసుకున్న పూట పాలూ పెరుగూ ముట్టకూడదు, ముడితే మాత్ర పనిచేయదు. దెబ్బలకు మంచిదని అలివేలమ్మ పంపే పసుపు పాలు పెరట్లో కరివేపాకు మొక్క తాగుతోంది. దాని ఒంటి మీద మాత్రం ఒక్క మచ్చ లేదు.

"మాత్ర ఒంటికి పట్టాలిగా. మచ్చలు పోయినాక ఎవరూ అడగరు. అందాకా ఓపిక పట్టండి," అంది గౌసియా.

"అందాకా నేను కొట్టేవాణ్ణా? టీ కొట్టుకాడ నా పక్క బల్ల ఖాళీగా ఉంటంది. మోటారు ఇచ్చేవాళ్లు గూడా మొహం అటు తిప్పుకుని ఇస్తన్నారు."

"చెప్తే నా పక్క ఖాళీ అవుద్ది."

గురజాలలో ఉన్నప్పుడు ఆమె నిజమే చెప్పింది. 'రక్తం జబ్బంట' అన్న మాట వీధి చివరిదాకా వెళ్లి వచ్చేసరికి అంటురోగమైపోయింది. రంజాన్‌కు ఇంటింటికీ పంపిన సేమ్యా, గిన్నెల మూతలు తీయకుండానే తిరిగొచ్చింది. పండగ దాటినా ఇద్దరూ సేమ్యానే తిన్నారు. ఇక్కడ అలా కాదు. జబ్బుమనిషికి ఆమడ దూరం జరిగే లోకంలో, దెబ్బలు తినే ఇల్లాలికి వీధంతా పుట్టిల్లే.

"ఇంక నావల్ల కాదే," అన్నాడు హబీబుల్లా. బియ్యంలో చెయ్యి పెట్టి, మాత్రల పెట్టె తీసి జేబులో వేసుకున్నాడు.

అలివేలమ్మ వసారాలో ఆడవాళ్లు మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. ఘాటుకు ఒకరి తుమ్ము ఇంకొకరు అందుకుంటున్నారు. గౌసియాను చూడగానే అందరూ సర్దుకుని చోటిచ్చారు. గోడకు ఆనుకునే చోటు. వెనక దిండు కూడా ఉంది. హబీబుల్లాను కూర్చోమన్నవాళ్లు లేరు.

"ఏంది హబీబుల్లా ఇది?" అన్నాడు అలివేలమ్మ భర్త లక్ష్మీనారాయణ, కుర్చీలో ముందుకు వంగి. "మొన్న మోకాలు. ఇయ్యాల చెయ్యి."

"చూడండి, ఎంత మొరటు చెయ్యో!" గౌసియా ముంజేతి మీది తన వేళ్ల అచ్చును తనే అందరికీ చూపించింది అలివేలమ్మ.

"ఆమధ్య మొహం గూడా చానా వాచింది," అందొకామె.

"గుక్కెడు పాలు గూడా తాగనీడంట, పెరట్లో పారబోయిస్తాడంట," అంది ఇంకొకామె.

"నిన్నేనయ్యా అడిగేది. నోరు తెరవ్వేం?" అని గద్దించాడు లక్ష్మీనారాయణ.

హబీబుల్లా చెయ్యి జేబులోకి పోయింది. పెట్టె అంచు బయటికి కనపడింది. గౌసియా దిండు వదిలి లేచి, తనంతట తనే అలివేలమ్మకు కాస్త ఎడంగా జరిగి కూర్చుంది. ఎలాగూ జరగాల్సిందేగా, ఇంకొకరు జరిగే శ్రమ ఎందుకని.

"ఎక్కడికే పోతావు? భయపడమాక, ఇట్టా రా!" అలివేలమ్మ ఆమె భుజం ఒడిసి పట్టి, ఒక్క ఉదుటున తనవైపు లాక్కుని, గుండెకు అదుముకుంది. పట్టిన పట్టు వదల్లేదు. గౌసియా కళ్లు మూసుకుంది. మిరప ఘాటేమో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

హబీబుల్లా ఆ భుజం మీద బిగుసుకున్న వేళ్ల వంక చాలాసేపు చూశాడు. జేబులోంచి ఖాళీ చెయ్యి బయటికి తీశాడు.

"తప్పు నాదే బాబాయ్. చేతి మీద కొట్టాను," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "భుజం మీద గూడా," అన్నాడు.