ముందు వరుస సారు

యూనివర్సిటీ కొత్త భవనంలో రంగు వాసన ఇంకా పోలేదు.

కొత్త కోర్సు వివరాలు చెప్పే సమావేశానికని సిగ్నలమ్మ హాల్లోకి వస్తూనే ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషిని చూసి టక్కున ఆగి నమస్కారం పెట్టింది.

ట్రాఫిక్ ఆఫీసులో పనిచేసేవాళ్లకు అదొక జబ్బు. నెరిసిన జుట్టుతో, ఒళ్లో ఫైలుతో ముందు వరుసలో ఎవరు కనిపించినా వాళ్ల దృష్టిలో ఆయన అధికారే.

కూడళ్లలో ఏ దీపం ఎంతసేపు వెలగాలో చూసే పని ఆమెది. ఆఫీసులో అందరూ సిగ్నలమ్మ అనే పిలుస్తారు.

“సార్, కొత్త పబ్లిక్ పాలసీ కోర్సు మీదేగా?”

“నాదా? లేదమ్మా, నేను...”

“రెండు నిమిషాలు సార్. ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను.”

ఆయన మళ్లీ ఏదో చెప్పబోయాడు. సిగ్నలమ్మ ఆగితేగా. ఆ కోర్సు ప్రకటన చూసిన దగ్గర్నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

“చేరాలంటే జీతం లేని సెలవు పెట్టాలి సార్. చూస్తే మొదటి బ్యాచ్. ముందు ఎవరైనా చదివి బయటికి రానీ, అప్పుడు చూద్దాం అంటున్నారు మా ఆయన. అప్లై చెయ్యనా, మాననా?”

ఆయన ఫైలు మూసి పక్క కుర్చీ చూపించాడు.

“మీ ఆయన అన్నదాంట్లోనూ న్యాయముంది. కానీ మొదటి బ్యాచ్‌కి ఒక సుఖముందమ్మా. ఇక్కడ పద్ధతి ఇదీ అని నెత్తినెక్కే సీనియర్ ఉండడు.”

ఆమె పకపకా నవ్వింది. సగం భయం అక్కడే పోయింది.

“ఇంతకీ ఎందుకు చదవాలనుకుంటున్నారు?”

“మా ఆసుపత్రి కూడలి కోసం సార్. ముసలివాళ్లు సగం రోడ్డు దాటేసరికి దీపం మారిపోతుంది. ఇంకాస్త సమయం ఇద్దామని రాసి పంపితే, బండ్లు ఆగిపోతాయని పైనుంచి తిప్పి కొడతారు. ఒళ్లు మండిపోతుంది నాకు.”

“ఎన్ని బండ్లు ఆగుతాయో వాళ్లకెలా తెలుసు?”

“లెక్కపెట్టే యంత్రం ఉందిగా.”

“మరి నడిచేవాళ్లను లెక్కపెట్టేది?”



“లేదు సార్.”

“దీపం సంగతి తర్వాత చూద్దాం. ఎవర్ని లెక్కపెట్టాలో ఎవరు తేల్చారు? ఆ ప్రశ్న పట్టుకోండి. ఇంటర్వ్యూలో అదే చెప్పండి.”

ఇన్నాళ్లూ గొంతులో అడ్డుపడ్డ మాట ఒక్కసారిగా బయటికొచ్చినట్టయింది ఆమెకు.

“అయితే అప్లై చెయ్యమంటారా?”

ఆయన ఒళ్లో ఫైలు సర్దుకున్నాడు.

“చెయ్యండమ్మా. మీలాంటివాళ్లు రావాలి.”

ఆ సాయంత్రమే అప్లై చేసేసింది.

“అప్పుడే సగం మంత్రివి అయిపోయావే” అని మొగుడు ఆటపట్టించాడు.

“మిగతా సగం చదివాక అవుతాను” అంది.

ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నే వేసింది. అప్పటిదాకా కుర్చీల్లో జారబడ్డ ప్రొఫెసర్లు ముగ్గురూ ముందుకు వంగారు. ఒకాయన వాదనకు దిగాడు. సిగ్నలమ్మ తగ్గలేదు. ఆమె జన్మలో అంత సరదాగా ఎవరితోనూ పోట్లాడలేదు.

సీటొచ్చిందన్న కబురు విని ఆమె వేసిన కేకకు ఆఫీసంతా లేచి నిలబడింది.

మొదటి రోజు ముందు వరుస సారుకివ్వాలని మంచి పెన్ను కొనుక్కుని వెళ్లింది. ఒక క్లాసు అయింది, ఇంకోటి అయింది. చెప్పేవాళ్లందరూ బాగానే చెబుతున్నారు. ఆయన మాత్రం రాలేదు.

ఉండబట్టలేక ఆఫీసు గదిలో గుమాస్తాను అడిగింది.

“ఆ రోజు హాల్లో ముందు వరుసలో కూర్చున్నారే, నెరిసిన జుట్టు సారు, ఆయన క్లాసు ఎప్పుడండీ?”

గుమాస్తా కాసేపు తల గోక్కున్నాడు.

“ఓ, ఆయనా. ఆయన ఇక్కడ పాఠాలు చెప్పరమ్మా.”

“మరి?”

“రిటైరయ్యాకైనా చదువుకుందామని వచ్చిన మనిషి ఆయన, ఆఖరి సీటు దగ్గర మీరూ ఆయనా మిగిలితే అది మీకిచ్చారు.”