అందరిదీ జులై పంతొమ్మిదే

"కేకు మీరు కోస్తారా సార్, మేము కోసేదా?" అన్నాడు పురుషోత్తమ్, ప్లాస్టిక్ కత్తి ఊపుతూ.

"మీ కేకు, మీ కోత. మధ్యలో నన్నెందుకు కోస్తారప్పా?" అన్నాడు గంగాధరప్ప, నీరసంగా కుర్చీలో వెనక్కి వాలి.

కర్ణాటకలోని చింతామణిలో గంగాధరప్ప ఇంటి అరుగు మీద ఏటా జులై పంతొమ్మిదిన ఇదే తంతు. ఆయన ఎనభై రెండేళ్ల రిటైర్డ్ హెడ్‌మాస్టరు. ఆయన పల్లెబడిలో ఒకటో తరగతి చేరినవాళ్లలో పెద్దవాళ్లైనవాళ్లు, పెద్దవాళ్లంటే వయసులో కాదు, ఫ్లెక్సీలో, ఆ రోజు తప్పకుండా వస్తారు. తాలూకా పంచాయితీ మాజీ అధ్యక్షుడు పురుషోత్తమ్, పాల సంఘం అధ్యక్షుడు లక్ష్మణప్ప, బోర్‌వెల్ కాంట్రాక్టరు బయ్యప్ప. ముగ్గురి పుట్టినరోజూ ఒకటే కనక ఫ్లెక్సీ ఒకటే, కేకూ ఒకటే. శాలువాలు మాత్రం తలా ఒకటి. బీరువాలో ఇప్పటికే నలభై ఉన్నాయి. చాలవా అంటే, శాలువా అంటారు.

నిజానికి అది వాళ్లు పుట్టిన రోజు కాదు, మాస్టారు పెట్టిన రోజు. ఆ కాలంలో బిడ్డను బడికి తెచ్చిన తల్లికి కరువొచ్చిన ఏడు గుర్తుండేది, రాగులు కోసిన నెల గుర్తుండేది. తేదీ ఎవరికి తెలుసు? చుట్టుపక్కల బళ్లలో మాస్టర్లు అందరికీ జూన్ ఒకటి రాసి పడేశారు. గంగాధరప్ప మాత్రం ముప్పై ఏళ్లూ జులై పంతొమ్మిదే రాశాడు.

"ఊరందరిదీ ఒక దారి, మనదొక దారి. ఎందుకు సార్ మాకా తేదీ?" అన్నాడు బయ్యప్ప, మూతికి అంటిన క్రీము తుడుచుకుంటూ.

"ఏదో ఒకటి రాయాల్నే కదప్పా."

కాళ్లకు మొక్కిన ఒక్కొక్కడి తల మీదా చెయ్యి పెట్టి, "ఇప్పుడెన్నేండ్లు నీకు?" అని అడిగాడు. ఏటా అడుగుతాడు, ఏటా విసుక్కుంటాడు. రావద్దని మాత్రం ఎన్నడూ అనలేదు.

అంతలో గేటు తీసుకుని చౌడమ్మ వచ్చింది. వెనకే కాగితాల సంచితో వకీలు కిశోర్. చౌడమ్మ అంగనవాడిలో ఆయా. ఆమెదీ జులై పంతొమ్మిదే. కానీ ఫ్లెక్సీకెక్కే మొహం కాదు.

"సార్, ఈ నెలాఖరుకు నన్ను నివృత్తి చేసి ఇంటికి పంపిస్తాండారు. అరవై నిండినాయంట."

"నిండలేదా?"

"యాడ నిండినాయి సార్! నాకు యాభై ఎనిమిదే. మీకు తెలీదా?"

గంగాధరప్పకు తెలుసు. అక్క కొంగు పట్టుకుని వచ్చిన నాలుగేళ్ల పిల్ల. బడిలో మధ్యాహ్నం ఉప్మా పెడతారని వచ్చింది. ఆరేళ్లుంటేనే చేర్చుకోవాలి. దానికొక పరీక్ష: కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పితే ఎడమ చెవి అందాలి. చౌడమ్మకు అందింది. మాస్టారు ఆరేళ్లని రాసేశాడు. అలా చెయ్యి పొడుగైన పాపానికి ఇప్పుడు ఉద్యోగం పొట్టిదైంది.

"మనవరాలు అర్పిత నర్సింగు చదువు ఇంకా రెండేండ్లుండాది సార్. నా కొలువు పోతే దాని చదువూ పోతుంది. మీరొక మాట రాసిస్తే కోర్టులో నిలబడతాది."

కిశోర్ కాగితం ముందు పెట్టాడు. అందులో ఇలా ఉంది: చౌడమ్మ పుట్టిన సంవత్సరమూ, ఈ బడి పిల్లలందరికీ పెట్టిన జులై పంతొమ్మిది అనే తేదీ కూడా నేను ఏ ఆధారమూ లేకుండా రాసినవి.

లక్ష్మణప్ప నోట్లో కేకు ఆగిపోయింది. "అట్ల రాస్తే మా గతేమప్పా? ఆధారు, ఆస్తి పత్రాలు, పాస్‌పోర్టు, అన్నీ అదే తేదీ!"

"నా నామినేషన్లో గూడా అదే ఉండాది. ఎదుటి పార్టీవాడు ఊరుకుంటాడా?" అన్నాడు పురుషోత్తమ్. "సార్, ఈ వయసులో మీకు కోర్టు మెట్లెందుకు? చౌడమ్మా, నీకింకేమన్నా పని చూపిస్తాంలే."

"చూపించేదానికేమి, పోయిన ఎలక్షన్లోనే చూపిస్తివి కదన్నా. ఇంకా చూస్తానే ఉండాను!" అంది చౌడమ్మ.

బయ్యప్ప నవ్వబోయి దగ్గాడు.

గంగాధరప్ప కళ్లద్దాలు తుడుచుకుని కాగితం మళ్లీ చదివాడు. చాలాసేపు చదివాడు. పెన్ను తీశాడు. తేదీ మాట ఉన్నచోట అడ్డంగా ఒక గీత గీసి కింద సంతకం పెట్టాడు.

"సంవత్సరం తప్పు. ఆ తప్పు నాది. జడ్జి ముందర నిలబడి చెప్తాను. చౌడమ్మకు రెండేండ్లు రావాల, వస్తాయి. తేదీ జోలికి మాత్రం పోవద్దండి."

"నాకు రెండేండ్లు చాలు సార్. తేదీ ఏదైతే నాకేమి," అని చౌడమ్మ చేతులు జోడించింది.

పురుషోత్తమ్ పొంగిపోయాడు. "మా మానం కాపాడినారు సార్!" అంటూ మరో శాలువా కప్పాడు. జులై ఉక్కలో గంగాధరప్ప దాన్ని తియ్యలేదు, తీసే ఓపిక లేదు.

కిశోర్‌కు మాత్రం నచ్చలేదు. "వీళ్ల కోసం కొట్టేసినారు గానీ సార్, ఆ మాట ఉంటే కేసు ఇంకా గట్టిగా ఉండేది. తేదీ గూడా అబద్ధమే కదా?"

"వీళ్ల కోసం కాదప్పా. ఆ తేదీ అబద్ధం కాదు."

"అంటే? ఇంతమందిలో ఆ పొద్దు నిజంగా పుట్టినోళ్లెవరు సార్?"

ముగ్గురు పెద్దలూ మాస్టారి మొహంలోకి ఆశగా చూశారు. గంగాధరప్ప పెన్నుకు మూత పెట్టాడు.

"బడి ఈడు రాకుండానే పోయిన నా కొడుకు."