రాలిన పండు ఎవరిది?

నీలిమ పెరట్లో ఎండుటాకులు ఊడుస్తోంది. ప్రశాంత్ షెడ్డులోంచి నిచ్చెన, రంపం తెచ్చి ఫెన్సుకి ఆనించాడు.

"ఇవాళ్టితో దీని సంగతి తేల్చేస్తా. కొంచెం జరుగు," అన్నాడు.

ఆమె చీపురుతో సహా పక్కకి జరిగింది. పక్కింటి నారింజచెట్టు కొమ్మ ఒకటి ఫెన్సు దాటి వీళ్ళ పెరట్లోకి వంగి ఉంటుంది. దాని కింద గడ్డిలో నాలుగు పళ్ళు పడి ఉన్నాయి. వంగి వాటిని ఏరి బుట్టలో వేసింది.

"నీడ పోతుందండీ. పెరడు మొత్తానికి నీడ అదొక్కటే."

"షేడ్ క్లాత్ కడతాలే."

ప్రశాంత్ పని గనుల్లో. విమానంలో వెళ్ళి రెండు వారాలు అక్కడ ఉంటాడు, తిరిగొచ్చి ఒక వారం పెర్త్ శివార్లలో, కానింగ్ వేల్‌లోని ఈ ఇంట్లో. పక్కింటి ఉపేంద్రతో అతనికి మాటల్లేవు. షెడ్డు గురించి కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసింది ఉపేంద్రేనని అతని నమ్మకం. వాళ్ళ గడప తొక్కొద్దని నీలిమకీ చెప్పాడు. ఆ వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు ఆ రెండే.

పక్కగేటు చప్పుడైంది. ఉపేంద్ర తండ్రి సత్యనారాయణమూర్తి గుడ్డసంచీ మడిచి పట్టుకుని లోపలికి వచ్చారు. రాలిన పళ్ళ కోసం రోజు విడిచి రోజు ఆయన ఇలాగే వస్తారు. ప్రశాంత్ లేని వారాల్లో అయితే మెట్టు మీద కూర్చుని టీ తాగి, ఒకప్పుడు లా కాలేజీలో చెప్పిన పాఠాలు నీలిమకి చెప్పి వెళతారు. ఆయన కొడుకూ కోడలూ ఆఫీసులకి పోతారు. మనవలు తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబిచ్చి గదిలోకి వెళ్ళిపోతారు. ఆయన రాని రోజున నీలిమ గొంతు నీలిమకే వినపడదు.

నిచ్చెన చూసి మూర్తిగారు ఆగిపోయారు.

"కొట్టేస్తున్నారా బాబూ?"

"అవునంకుల్. చలికాలం నుంచి చూస్తున్నా. అవి రాలుతూనే ఉన్నాయి, మీరు వస్తూనే ఉన్నారు. ఇది మా ప్రాపర్టీ."

"ప్రాపర్టీ మీదే. పండు మాది. పక్కవాడి నేల మీద రాలిన పండుని రోజు విడిచి రోజు వెళ్ళి ఏరుకోవచ్చని రోమన్లు ఎప్పుడో రాసిపెట్టారు."

"రోమ్ ఎక్కడ, పెర్త్ ఎక్కడ అంకుల్?"

"మీ ముక్కు మీ తాతగారిదే అయ్యుంటుంది. ఆయన పెర్త్ చూశారా?"

నీలిమ చీపురు వైపు చూస్తూ నవ్వు ఆపుకుంది. ప్రశాంత్ నవ్వలేదు. ఫోను తీసి, మన హద్దు దాటి వచ్చిన కొమ్మని హద్దు వరకూ మనం కొట్టుకోవచ్చని ఇక్కడి చట్టం చెబుతోందని చదివి వినిపించాడు.

మూర్తిగారు కాదనలేదు. అదీ ఆ రోమన్లదేనన్నారు. పన్నెండు పలకల మీద రాసుకున్న చట్టంలోనే పండు ఏరుకునే హక్కు చెట్టువాడికీ, అడ్డమొచ్చిన కొమ్మ కొట్టే హక్కు పక్కవాడికీ ఇచ్చారనీ, ఆ ఆలోచనలే దేశాలు తిరిగి, భాషలు మారి, చివరికి అతని ఫోనులోకీ వచ్చాయనీ చెప్పారు. క్లాసులో చెప్పినట్టే మొదలుపెట్టారు గానీ, చివరికొచ్చేసరికి గొంతు తగ్గిపోయింది.

"కొట్టే హక్కు మీకుంది బాబూ. కొట్టాక కొమ్మా, దాని కాయలూ మాకిచ్చెయ్యాలి. అంతే."

"మీ కొమ్మ నాకెందుకంకుల్?"

రంపం కదిలింది. నీలిమ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. కొమ్మ విరిగి గడ్డి మీద పడింది. దాని నిండా ఉసిరికాయలంత పచ్చికాయలు. ప్రశాంత్ చెమట తుడుచుకుంటూ దాన్ని ఎత్తి ఫెన్సు అవతలికి తోశాడు. అంతవరకూ నీడ ఉన్న చోట ఎండ పడింది.

మూర్తిగారు బుట్టలోంచి నాలుగు పళ్ళూ ఒక్కొక్కటే తీసి సంచీలో వేసుకున్నారు. మామూలు కంటే నెమ్మదిగా వేసుకున్నారు.

"ఈ ఏడు బాగా కాసిందమ్మాయ్," అన్నారు నీలిమతో. తర్వాత, "ఇంక నాకిక్కడికి వచ్చే హక్కు లేదు," అన్నారు.

ఆమె టీ నీళ్ళు పెట్టాలో వద్దో తెలియనట్టు ఒకసారి వంటింటి వైపు చూసింది.

"మాకూ మీది ఒక్కటి వద్దంకుల్," అన్నాడు ప్రశాంత్ నిచ్చెన మడుస్తూ. "ఏ మూలనైనా ఇంకా మిగిలుంటే నీలిమే తెచ్చి మీ ఇంట్లో ఇస్తుంది. మీరు రానక్కర్లేదు."

మూర్తిగారు గేటు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డారు.

"అదీ న్యాయమే," అని వెళ్ళిపోయారు.

ప్రశాంత్ స్నానం చేసి వచ్చి, ఏసీ వేసుకుని, క్రికెట్ పెట్టుకుని సోఫాలో వాలాడు. చాలా రోజుల తర్వాత ఒక పని పూర్తిచేసిన తృప్తి అతని ముఖంలో ఉంది.

"ఇంకేమైనా మిగిలున్నాయేమో చూడు నీలిమా," అన్నాడు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. "వాళ్ళ సొమ్ము మనకెందుకు? ఇప్పుడే ఇచ్చేసిరా."

నీలిమ వంటింట్లోకి వెళ్ళి, అడుగు అరలో బియ్యం డబ్బా వెనక దాచిన షాపు సంచీ బయటికి తీసి, చలికాలం వెళ్ళి చెట్టు మీది పళ్ళు అయిపోయినప్పటి నుంచీ చేస్తున్నట్టే ఒక్కో నారింజపండు మీది స్టిక్కరునూ గోటితో ఒలిచేసి, బుట్ట నింపుకుని, ఇంట్లోంచి బయటికి నడిచింది.