మొదట పలికిన గొంతు

"పార్లమెంటులో మీ గొంతు నేనవుతానమ్మా," అంటూ మేజర్ హావర్‌షామ్ కరపత్రం చాపాడు. ఆ ఊరి జమీందారు కొడుకతను. ఓట్ల కోసం పొద్దుటినుంచీ గడపగడపకీ తిరుగుతున్నాడు.

గడపలో నిలబడ్డ హెస్టర్ దాన్ని అందుకోలేదు. "చర్చి ముందు నిలబెట్టిన యుద్ధ స్మారక రాతి మీద మా అబ్బాయి ఆల్బీ పేరు లేదు దొరగారూ."

మేజర్ టోపీ తీశాడు. యుద్ధకాలంలో ఫ్రాన్సులో ఫిరంగులకు బెదిరి పారిపోయాడని ఆల్బీని సొంత సైన్యమే కాల్చేసింది. సైనిక కోర్టులో ఆ తీర్పు చెప్పిన ముగ్గురిలో తనొకడని ఊరంతటికీ తెలుసు.

"యుద్ధంలో పోయినవాళ్ల పేర్లే చెక్కారమ్మా."

"మరి మావాడు పెళ్లికెళ్లి పోయాడా?"

అతను గొంతు తగ్గించాడు. "ఆ రోజు నా చేతుల్లో ఏమీ లేదు హెస్టరమ్మా. మిగతా ఇద్దరూ నాకంటే పెద్ద అధికారులు. అందరిలోకీ చిన్నవాణ్ణి నేనే."

"తీర్పు చిన్నవాణ్ణే ముందు అడుగుతారటగా? పెద్దల మాట విన్నాక జంకుతాడని. సైన్యంలో చేసొచ్చిన మా మరిది చెప్పాడు."

మేజర్‌కి ఆ విచారణ గది గుర్తొచ్చింది. ఆ గదిలో "మరణశిక్ష" అన్న మాట ముందుగా తన నోటినుంచే వచ్చింది. పెద్దలిద్దరూ తలూపారు, అంతే. ఇన్నేళ్లూ ఆ వరసే మర్చిపోయి బతికాడు.

హెస్టర్ అప్పుడు కరపత్రం తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి, అతని కోటు జేబులో దోపింది.

"మా తరఫున ఒకసారి మాట్లాడారుగా దొరగారూ. చాలు."

తలుపు మూసుకుంది.

మేజర్ పక్కింటి తలుపు తట్టాడు. తీసిన ముసలాయనకి జేబులోని ఆ మడత కాగితమే అందించాడు. "మీ గొంతు నేనవుతాను" అని మాత్రం అనలేదు.