టాబ్ అంటే కుడికి

"ఏటమ్మా గ్రేసీ, పిండి దంచుతన్నావా? పాపం, ఆ స్పేస్‌బార్ నీకేటి అపకారం సేసింది?"

సీనియర్ దేవీప్రసాద్ అంత గట్టిగా అనేసరికి ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉన్న పన్నెండు తలకాయలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. గ్రేసీ వేలు స్పేస్‌బార్ మీదే ఆగిపోయింది. ఆ పిల్ల చేసిన తప్పల్లా ఒక్కటే. ఉత్తరంలో పేరా మొదలుపెట్టేటప్పుడు కాస్త లోపలికి జరిపి రాస్తామే, ప్రోగ్రాములోనూ అలా కొన్ని వరసలు లోపలికి జరగాలి. అలాంటివి నలభై ఉన్నాయి. ఒక్కో వరసకీ నాలుగేసి దెబ్బలు కొట్టుకుంటూ వస్తోంది.

"లెగు ఓపాలి," అని కుర్చీ లాక్కుని, దేవీప్రసాద్ నలభై వరసలూ కలిపి పట్టి టాబ్ నొక్కాడు. మొత్తం కుడికి జరిగిపోయాయి. షిఫ్ట్ పట్టుకుని టాబ్ నొక్కాడు. మళ్ళీ ఎడమకి వచ్చేశాయి.

"సూసావా? టాబ్ అంటే కుడికి, షిఫ్ట్ టాబ్ అంటే ఎడమకి. ఇది కూడా రాకపోతే పూర్ణా మార్కెట్‌కెల్లి రోలూ రోకలీ కొనుక్కో. కారం దంచుకుని బతకొచ్చు."

"రోకలి నాను తెత్తాను బావా!" అన్నాడు పక్క సీటు సింహాద్రి. అందరూ గొల్లుమన్నారు.

అక్కడితో ఊరుకున్నాడా? "శుక్రవారంతో నీ ట్రైనింగు ఆరు నెలలూ అయిపోతన్నాయి కదా. ఉంచాలా, పంపాలా అని ఫ్లోరెన్స్ మేడమ్ నన్నే అడుగుద్ది," అని వెళ్తూ వెళ్తూ ఇంకో పోటు పొడిచి పోయాడు.

గ్రేసీ ఏడవలేదు. మల్కాపురం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో పెట్టుకున్న టిఫిన్ డబ్బా మూత మీద వేళ్ళు ఆడిస్తూ ఒక్కో షార్ట్‌కట్టూ బట్టీ పట్టింది. కంట్రోల్ హోమ్ నొక్కితే ఫైలు మొదటికి. కంట్రోల్ ఎండ్ నొక్కితే చివరికి. మూడు రోజులు పోనూ రానూ అదే పని. నేర్చుకుని మెప్పించుకుందామని కాదు సుమండీ. ఏది ఎటు పోతుందో తెలిస్తేనే కదా, దాన్ని తిప్పి పెట్టగలిగేది!

శుక్రవారం మేడమ్ ముందు అందరికీ షార్ట్‌కట్ల క్లాసు చెప్పేది దేవీప్రసాదే. తన కంప్యూటరునే గోడ మీది పెద్ద తెరకి కలిపి చూపిస్తాడు. గురువారం మధ్యాహ్నం అతను దాన్ని తెరిచిపెట్టేసి భోజనానికి దిగాడు. చుట్టూ ఎవరూ లేకుండా చూసి గ్రేసీ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. సెట్టింగుల్లోకి పోయి టాబ్ పని షిఫ్ట్ టాబ్‌కి, షిఫ్ట్ టాబ్ పని టాబ్‌కి అప్పజెప్పింది. మొదటికి పోయే బటన్లు చివరికి పోయేట్టు, చివరికి పోయేవి మొదటికి పోయేట్టు మార్చేసింది.

'రేపు నువ్వు దంచు, నాను నవ్వుతాను,' అనుకుని లేచింది.

దేవీప్రసాద్ వచ్చాడు, కూర్చున్నాడు, నాలుగు బటన్లు నొక్కాడు. ఆగాడు. "కడుపులో తిప్పుతంది బావా, నానెల్తన్నాను," అని సింహాద్రితో చెప్పి, బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయాడు. మసాలాలన్నీ మింగితే తిప్పదూ మరి, అనుకుంది గ్రేసీ.

శుక్రవారం పొద్దున కుడిచేతికి మోచెయ్యి దాకా తెల్లటి కట్టుతో దిగాడు.

"సింధియా జంక్షన్ దగ్గర బండి జారిపోనాది మేడమ్. బటన్ నొక్కలేను. నాను సెప్తాను, గ్రేసీ నొక్కుద్ది. ఆ పిల్లకి ఏటొచ్చో మీరూ సూసినట్టుంటాది."

గ్రేసీ వెళ్ళి అతని కంప్యూటరు ముందు కూర్చుంది. చెప్పింది చెప్పినట్టు నొక్కితే అంతా తలకిందులు. టాబ్ నొక్కడం కూడా రాని పిల్లని ఎవరుంచుకుంటారు? బటన్లు మారాయని నోరు విప్పితే, నీకెలా తెలుసని అడగరూ? మేడమ్ ముందు తన ఉద్యోగం కాగితం, దాని మీద పెన్ను.

"ఫైలు మొదటికి పో. కంట్రోల్ హోమ్."

గ్రేసీ కంట్రోల్ ఎండ్ నొక్కింది. గోడ మీద ఫైలు మొదటికి వచ్చి నిలబడింది. హమ్మయ్య!

"పది వరసలు పట్టు. టాబ్."

షిఫ్ట్ టాబ్ నొక్కింది. పదీ కుడికి జరిగాయి.

"ఎనక్కి లాగు. షిఫ్ట్ టాబ్."

టాబ్ నొక్కింది. పదీ ఎడమకి వచ్చాయి.

ఇక ఆ వేళ్ళకి దారి దొరికింది. అతను వెనక నిలబడి చెప్పడం, ఈ పిల్ల తిరగేసి నొక్కడం. పావుగంటలో ఒక్క తప్పు లేదు. సింహాద్రయితే చప్పట్లు కొట్టేశాడు.

"బాగా నేర్చుకున్నావమ్మా," అని ఫ్లోరెన్స్ మేడమ్ పెన్ను మూత తీసింది. పగ తీరకపోతే పోయింది, ఉద్యోగం నిలిచింది కదా అని గ్రేసీ ఊపిరి వదిలింది.

"సంతకం ఒక్క నిమిషం ఆపండి మేడమ్," అన్నాడు దేవీప్రసాద్. "మీరందరూ గోడకేసి సూసారు. నాను ఈ పిల్ల వేళ్ళకేసి సూసాను. నాను టాబ్ అన్నప్పుడల్లా షిఫ్ట్ టాబ్ నొక్కింది. ఒక్కపాలీ తప్పలేదు. నిన్న నా బటన్లు తిరగేసినోళ్ళకి తప్ప ఆ సంగతి ఇంకెవులికి తెలుస్తాదండీ?"

అంటూనే కుడిచేతి కట్టు చుట్టు తర్వాత చుట్టు విప్పాడు. లోపల చిన్న గీత కూడా లేదు.